డక్స్‌ఫర్డ్ విమానాల మ్యూజియంకు అమ్మానాన్నల్ని తీసుకెళ్దామనుకుంటున్నాం. రోజంతా పెట్టాలా?

గోదారి పిల్ల:

నమస్కారమండీ అందరికీ. మేముండేది లెస్టర్‌లో. అమ్మానాన్న రాజమండ్రి నుంచి వచ్చి మూడు వారాలవుతోంది. లండన్ తిప్పేశాం, గుళ్ళు అయ్యాయి, షాపింగ్ అయింది. నాన్న పైకి ఏమీ అనరు గానీ "ఇంకెన్ని రోజులు?" అని ఆయన మొహమే అడుగుతోంది. మొన్న రాత్రి మా ఆయన టీవీలో డక్స్‌ఫర్డ్ మ్యూజియం వీడియో పెడితే మాత్రం కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. అయిపోయాక "ఇంకోసారి వెయ్యి బాబూ" అన్నారు. నాన్న ఆర్టీసీ డిపోలో 31 ఏళ్ళు మెకానిక్‌గా చేశారు. బస్సు గేటు దాటుతుంటేనే చప్పుడు విని గేరుబాక్సు ఇంకెన్నాళ్ళుంటుందో చెప్పేవారని డిపోలో పేరు.

అమ్మ సంగతి వేరు. మోకాళ్ళ నొప్పులు. ఊళ్ళో జాకెట్లు కుడుతుంది, ఇక్కడ మిషన్ లేక చెయ్యి ఆడటం లేదు. "విమానాలు చూడ్డానికి అంత దూరం ఎందుకే, వైజాగ్ బీచ్‌లో చూశాంగా" అంటోంది. ఆర్.కె. బీచ్‌లో టీయూ-142 ఉంది కదా, దాని గురించి. పైగా శనివారం ఒంటిపూట ఉంటుంది. మా వాడికి ఏడేళ్ళు, వాడికి ఏదైనా ఓకే.

రోజంతా పడుతుందా, సగం రోజు చాలా? అమ్మలాంటి వాళ్ళకు అక్కడ చూడ్డానికి ఏమైనా ఉందా, లేక కారులోనే కూర్చుంటానంటుందా? పులిహోర పట్టుకెళ్ళి తినొచ్చా? మా ఆయన "లండన్‌లో హెండన్ మ్యూజియం ఫ్రీ, దీనికి ఇంతమందికి టికెట్లెందుకు" అంటున్నారు. వెళ్ళొచ్చిన వాళ్ళు చెప్పండి ప్లీజ్. వచ్చే శనివారం అనుకుంటున్నాం.

మిల్టన్ కీన్స్ అమ్మ:

మేం పోయిన ఎండాకాలం ఇద్దరు పిల్లలతో వెళ్ళాం. రోజంతా పెట్టుకోండి. ఎం11 మీద పదో జంక్షన్ దగ్గర దిగితే ఎదురుగానే, దారి తప్పే పనే లేదు. పులిహోర భేషుగ్గా తినొచ్చు, బయట బల్లలున్నాయి. కాకపోతే గాలండీ బాబూ! అంతా మైదానం, అడ్డం ఏమీ ఉండదు. మా పేపర్ ప్లేట్లు రన్‌వే వైపు ఎగిరిపోయాయి. మూత బిగించే డబ్బాలు తీసుకెళ్ళండి. ఆ శనివారం ఎయిర్ షో లేదు కదా, చూసుకోండి. షో రోజుల్లో టికెట్ వేరు, జనం వేరు, రోడ్డు మీద ట్రాఫిక్ సంగతి చెప్పక్కర్లేదు. పెద్దవాళ్ళతో మామూలు రోజే హాయి.

కేంబ్రిడ్జి కాకి:

గోదారి పిల్ల గారూ, మీ నాన్నగారి గురించి రాసిన ఆ రెండు ముక్కలు చదివాక ఆఫీసు పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. మాది బొబ్బిలి. మా నాన్న ఎయిర్‌ఫోర్సులో ఇరవై ఏళ్ళు ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్. చివరి పోస్టింగు గోరఖ్‌పూర్, జాగ్వార్ యుద్ధవిమానాల మీద. నేనుండేది డక్స్‌ఫర్డ్‌కు కారులో పావుగంట. ఆయన్ని అక్కడికి రెండుసార్లు తీసుకెళ్ళాను. మొదటిసారి నేనే చెడగొట్టాను. నా సలహా అంతా ఆ తప్పులోంచి వచ్చిందే, అలాగే చదవండి.

మొదటిసారి ఫోన్లో లిస్టు రాసుకుని వెళ్ళాను. లోపలికి వెళ్ళగానే ఎయిర్‌స్పేస్ అని పెద్ద హాలు. అందులో కాంకార్డ్, లాంకాస్టర్ బాంబర్, వల్కన్ జెట్ బాంబర్, ఇంకా బోలెడు. కాంకార్డ్ లోపలికి వెళ్ళనిస్తారు. నేను ఆ మెట్ల దగ్గర నిలబడి వెనక్కి తిరిగితే నాన్న లేరు. వెతికితే అదే హాల్లో ఒక జాగ్వార్ ముందు, చేతులు వెనక్కి కట్టుకుని, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన ఆఫీసర్ లాగా నిలబడి ఉన్నారు. "ఇది మ్యూజియంలో ఉందేంట్రా?" అన్నారు. బ్రిటిష్ వాళ్ళు 2007లోనే దాన్ని పక్కన పెట్టేశారు నాన్నా అన్నాను. "మనవాళ్ళు పొద్దున కూడా ఎగరేసే ఉంటారు" అని నవ్వారు. మనం 1979లో మొదలుపెట్టాం, బెంగళూరు హెచ్.ఏ.ఎల్.లో కట్టుకున్నాం, షంషేర్ అని పేరు పెట్టుకున్నాం, ఇంకా వాడుతున్నాం. ఎప్పుడో ముప్పై ఏళ్ళ కిందట తన చేతుల్తో ప్యానెల్ విప్పి బిగించిన విమానం, తాడు కట్టిన గుంజల అవతల, పక్కన బోర్డుతో.

ఆ తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టారు. మన జాగ్వార్లలో క్షిపణి రెక్క కింద కాదు, రెక్క మీద ఉంటుందట. చలికాలం గోరఖ్‌పూర్‌లో తెల్లవారుజామున మంచులో ప్యానెల్ ముట్టుకుంటే వేళ్ళు అతుక్కున్నట్టుండేదట. పిటో కవర్ (గాలి వేగం కొలిచే గొట్టం మీది తొడుగు) తీయడం మర్చిపోయిన కుర్రాడిని సార్జెంటు ఏమన్నాడో, అది ఇక్కడ రాయలేను. నేనేం చేశానంటే, టైం చూసుకుని, "నాన్నా, ఇంకా అమెరికన్ హాలు ఉంది, పదండి" అన్నాను. మాట సగంలో ఆపి వచ్చేశారు. మిగతా రోజంతా నా వెనకాలే నడిచారు. ఇంటికొచ్చాక "ఎలా ఉందండీ మ్యూజియం" అని అమ్మ అడిగితే "బాగుంది. పెద్దది" అన్నారు. అంతే.

కాబట్టి మొదటి మాట: లిస్టు వద్దు. మీ నాన్నగారు ఎక్కడ ఆగితే అక్కడ ఆగండి. మీ బాబును మీ ఆయనకు అప్పజెప్పండి.

రెండోసారి వెనకనుంచి మొదలుపెట్టాం. పాత హ్యాంగర్ల వైపు నుంచి. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డక్స్‌ఫర్డ్‌ను మ్యూజియం అనుకుని వెళ్తే సగమే కనిపిస్తుంది. అది నిజంగా యుద్ధం చేసిన ఎయిర్‌ఫీల్డ్, ఈ రోజుకీ విమానాలు లేచే ఎయిర్‌ఫీల్డ్. 1917లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా కట్టడం మొదలుపెట్టారు. అప్పటి హ్యాంగర్లే ఇప్పటికీ ఉన్నాయి. మీ నాన్నగారిని విమానాల కంటే ముందు పైకప్పు చూడమనండి. చిన్న చిన్న చెక్కముక్కల్ని అల్లి, విల్లులా వంచిన దూలాలు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. డిపో షెడ్డులో బతికిన మనిషికి ఆ కప్పు విలువ నాకంటే బాగా తెలుస్తుంది. వరసలో ఒకచోట ఖాళీ కనిపిస్తుంది. అక్కడ కూడా ఒక హ్యాంగర్ ఉండేది. శత్రువు వల్ల కాదు, 1968లో ఒక సినిమా షూటింగ్ కోసం నిజంగానే పేల్చేశారు! రెండు యుద్ధాలు దాటొచ్చింది, కెమెరా ముందు పోయింది.

స్పిట్‌ఫైర్ పేరు మీ వాడు కూడా వినే ఉంటాడు. ఆ విమానం ఎయిర్‌ఫోర్సుకు మొట్టమొదట అందింది ఇక్కడే, 1938 ఆగస్టు 4న, 19వ స్క్వాడ్రన్ అనే దళానికి. రెండేళ్ళు తిరిగేసరికి 1940లో జర్మన్ బాంబర్లు రోజూ వస్తున్నాయి. రెండు కాళ్ళూ పోయి కృత్రిమ కాళ్ళతో విమానం నడిపిన డగ్లస్ బాడర్ ఇక్కడినుంచే ఐదు స్క్వాడ్రన్ల గుంపును వేసుకుని లేచాడు. దాన్ని బిగ్ వింగ్ అనేవాళ్ళు. అంత గుంపు గాల్లో కలిసేసరికి పుణ్యకాలం గడిచిపోతుందని దక్షిణాన ఫైటర్ దళాల్ని నడిపిన కమాండర్ కీత్ పార్క్ వర్గం గొడవ. ఎవరు రైటో ఇంగ్లీషువాళ్ళు ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు బాడర్ కంటే ఆపరేషన్స్ రూమ్ నచ్చింది. చిన్న భవనం, హ్యాంగర్ల మోజులో చాలామంది దాటిపోతారు. మీరు దాటిపోకండి.

లోపల పెద్ద బల్ల మీద మ్యాప్. చుట్టూ అమ్మాయిలు నిలబడి పొడుగాటి కర్రలతో బిళ్ళలు జరిపేవాళ్ళు. తీరం వెంట రాడార్లు, లోపల కొండల మీదా గుట్టల మీదా బైనాక్యులర్లు పట్టుకున్న వాలంటీర్లు, వాళ్ళ వార్తలన్నీ చివరికి ఈ బల్ల మీదికి చేరేవి. గోడ గడియారం చూడండి. ఐదేసి నిమిషాలకు ఒక రంగు: ఎరుపు, పసుపు, నీలం. వార్త వచ్చినప్పుడు ముల్లు ఏ రంగు మీద ఉంటే ఆ రంగు బిళ్ళే పెట్టాలి. అంటే బల్ల వంక ఒక్క చూపు చూస్తే ఏ సమాచారం తాజాది, ఏది పాతబడింది తెలిసిపోతుంది. నేను చేసేది సాఫ్ట్‌వేర్. పాత డేటా చూసి కొత్త నిర్ణయం తీసుకుని అర్ధరాత్రి తిట్లు తిన్నవాణ్ణి. ఆ గడియారం ముందు నిజంగా దండం పెట్టాలనిపించింది.

ఇప్పుడు మీ నాన్నగారి కోసం అసలు చోటు. 1940 యుద్ధం హ్యాంగర్లో 109 అనే జర్మన్ ఫైటర్ ఒకటి ఉంది, 1940 సెప్టెంబరు 30న ససెక్స్‌లో పొట్ట మీద దిగిపోయిన విమానం. దాన్ని దిగిన తీరుగానే పెట్టారు. అది చూసేముందు ఆయనకు ఈ కథ చెప్పండి. స్పిట్‌ఫైర్‌ది, దానితోపాటే పోరాడిన బ్రిటిష్ ఫైటర్ హరికేన్‌ది మెర్లిన్ ఇంజను: వి ఆకారంలో 12 సిలిండర్లు, 27 లీటర్లు, కార్బురేటర్. జర్మన్‌ది నేరుగా పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్. జర్మన్ పైలట్ ముక్కు కిందికి తోసి గబుక్కున డైవ్ చేస్తే వీళ్ళు వెంటపడలేకపోయేవాళ్ళు. కార్బురేటర్లో పెట్రోలు పైకెగిరి ముందు అందక, తర్వాత ఎక్కువైపోయి ఇంజను దగ్గేది. దీనికి మందు కనిపెట్టింది బీట్రిస్ షిల్లింగ్ అనే ఆడ ఇంజనీరు, ఫార్న్‌బరోలో. పెట్రోలు దారిలో సన్న రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి బిళ్ళ! ఇంజనుకు కావాల్సినంతే వెళ్ళి, వరదలా పోకుండా ఆపేది. విమానం డ్యూటీలో ఉండగానే బిగించేయొచ్చు. 1941లో ఆమె తన మనుషులతో ఎయిర్‌ఫోర్సు స్టేషన్లు తిరిగి బిగించి వచ్చింది. మా నాన్నకు చెబితే "అందుకేరా, జెట్ కొట్టేసిన స్కూటర్‌కి కూడా ఇదే రోగం" అన్నారు.

తర్వాత కన్జర్వేషన్ హ్యాంగర్. అక్కడ విమానాలు విప్పి, బాగుచేస్తూ ఉంటారు. మనం గట్టు ఇవతల నిలబడి చూడొచ్చు. ఎక్కువమంది రిటైరైన వాలంటీర్లు. మా నాన్న సర్వీసు ఇంగ్లీషు, అంటే హిందీ యాసతో మాట్లాడే ఆర్డర్ల ఇంగ్లీషు. అక్కడ ఒక పెద్దాయన రివెట్లు తీస్తున్నాడు. నాన్న కాసేపు చూసి, "డ్రిల్ సైజ్?" అన్నారు. ఆయన తలెత్తి చెప్పాడు. నాన్న తల అడ్డంగా ఊపి ఇంకో సైజు చెప్పారు. ఇద్దరూ గంటసేపు! నాన్నకు ఎడమ చెవి ఇంజన్ల దగ్గరే పోయింది, ఆయనకు కుడి చెవి వినపడదట. ఎవరికి ఎవరు వినపడ్డారో ఆ దేవుడికే తెలియాలి. నేను పక్కనే నేలమీద కూర్చుని కాఫీ తాగాను. ఈసారి టైం చూసుకోలేదు.

మీ అమ్మగారికి. జాకెట్లు కుడతారన్నారు కదా? హరికేన్ వెనక సగం ఒంటికి రేకు లేదు, గుడ్డ. నారబట్ట బిగించి, కుట్టి, కుట్టు మీద పట్టీ అంటించి, డోప్ అనే జిగురులాంటిది పూసేవాళ్ళు. ఆరేకొద్దీ బట్ట డోలు చర్మంలా బిగుసుకుంటుంది. గుండు ఇటు తగిలి అటు పోతే గుడ్డకు అతుకు వేసి మళ్ళీ పంపేవాళ్ళు. పాత రెండు రెక్కల విమానాలకైతే రెక్కలు కూడా గుడ్డే. ఇవి కుట్టింది ఎక్కువగా ఆడవాళ్ళే. కుట్టు ఎడం చూడమనండి, తప్పులుంటే పట్టుకుంటారు.

చివరికి అమెరికన్ ఎయిర్ మ్యూజియం. 1943 నుంచి యుద్ధం అయ్యేదాకా ఈ ఎయిర్‌ఫీల్డ్ అమెరికన్ల 78వ ఫైటర్ గ్రూపు చేతిలో ఉంది. హాలు కట్టింది నార్మన్ ఫాస్టర్, 1997లో రాణి వచ్చి తెరిచారు. భూమిలోంచి లేచిన తాబేటి చిప్పలా ఉంటుంది. లోపల 56 మీటర్ల రెక్కలున్న బి-52 బాంబర్ పడుతుంది, దాని కొలత చూసే కప్పు కట్టారు. నల్లటి ఎస్ఆర్-71 గూఢచారి విమానం కూడా ఉంది, అమెరికా బయట ప్రదర్శనలో ఉన్నది అదొక్కటే. 1976లో 85,069 అడుగుల ఎత్తున ఎగిరి రికార్డు పెట్టింది సరిగ్గా ఈ విమానమే. మీ వాడు అక్కడ గంట గడిపేస్తాడు.

కానీ లోపలికి వెళ్ళేముందు బయట దారి పక్కన నిలబెట్టిన గాజు పలకలు చూడండి. 52 పలకలు. వాటి మీద చెక్కిన చిన్న చిన్న విమానాల బొమ్మలు 7,031. బ్రిటన్ నుంచి లేచి తిరిగి రాని అమెరికన్ విమానాలు, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. మా అమ్మ రెండోసారి మాతో వచ్చింది. దగ్గరికెళ్ళి ఒక బొమ్మ మీద వేలు పెట్టి "ఇందులో ఎంతమంది?" అంది. అది నాలుగింజన్ల బాంబర్. పదిమంది అమ్మా అన్నాను. ఇంకేమీ అడగలేదు. వేలు మాత్రం పక్క బొమ్మ మీదికి, దాని పక్కదాని మీదికి వెళ్తూనే ఉంది.

నడక ఎక్కువే. ఈ చివర నుంచి ఆ చివరికి మైలు దాకా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులంటున్నారు కాబట్టి మొహమాటపడకుండా గేటు దగ్గరే వీల్‌చైర్ అడగండి, మాకు ఇచ్చారు. అమ్మ ముందు వద్దంది, తర్వాత దిగనంది. కాంకార్డ్ మెట్లు మాత్రం ఆవిడకు వద్దు. లోపల ఇరుకు దారి, రెండు వైపులా పరీక్షల సామాను. ఎందుకంటే అది ప్రయాణికుల విమానం కాదు, టెస్టు విమానం. కాంకార్డులన్నిటిలోకీ ఎక్కువ వేగం చూసింది అదే, ధ్వని వేగానికి 2.23 రెట్లు. 1977 ఆగస్టు 20న ఇక్కడ దిగింది. ఎం11 రోడ్డు కోసం రన్‌వే తూర్పు కొస కోసేయబోతున్నారు, ఆ తర్వాతైతే దిగడానికి నేల చాలదు. అంటే మీరు కారులో వచ్చే రోడ్డే దానికి తిరుగు దారి మూసేసింది.

పాతబస్తీ పావురం:

కాకి భాయ్ అంతా చెప్పేశారు గానీ హెండన్‌ను మరీ తీసిపారేయకండి. అదీ పాత ఎయిర్‌ఫీల్డే, ఇప్పుడు చుట్టూ ఫ్లాట్లు లేచాయి గానీ. కాలిన్‌డేల్ ట్యూబ్ స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు, టికెట్ లేదు. మన హైదరాబాదీలకు అక్కడ ఒక సొంత పని కూడా ఉంది. డీహెచ్9ఎ అని మొదటి ప్రపంచయుద్ధం నాటి బాంబర్ ఒకటి ఉంటుంది. 110వ స్క్వాడ్రన్‌ది. ఆ స్క్వాడ్రన్ మొదటి విమానాలన్నీ నిజాం ఇచ్చిన డబ్బుతో కొన్నవి, అందుకే దాని పేరే 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. విమానం ఒంటి మీద నిజాం కానుక అని రాసి ఉంటుంది. 1918 అక్టోబరులో జర్మన్లకు చిక్కింది, బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టుకున్నారు, రెండో యుద్ధంలో పోలాండ్ చేరింది, 1977లో బ్రిటన్‌కు తిరిగొచ్చింది. మన డబ్బు ఎంత దేశం తిరిగిందో చూడండి.

రెండో యుద్ధంలో 152వ స్క్వాడ్రన్‌కు కూడా హైదరాబాద్ పేరే, స్పిట్‌ఫైర్లు నడిపింది. గుర్తులో నిజాం తలపాగా, కింద 'నమ్మకమైన మిత్రుడు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. నిజాంకి బ్రిటిష్ వాళ్ళిచ్చిన బిరుదది. 253వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్టేట్ అని పేరు. మా తాత వరంగల్ దగ్గర రైతు. ఆయన కట్టిన శిస్తులో అణాపైసలు ఏ రెక్కలో ఉన్నాయో అని నేను ఆ విమానం చుట్టూ రెండుసార్లు తిరిగాను. గర్వపడాలో, లెక్క అడగాలో అర్థం కాలేదు.

ఆంధ్రా వాళ్ళు నవ్వకండి, మీకూ ఉంది వాటా. 264వ స్క్వాడ్రన్ పేరు మద్రాస్ ప్రెసిడెన్సీ. రాజమండ్రి అప్పుడు అందులోదే కదా! ఆ స్క్వాడ్రన్ 1940 మేలో ఉన్నది ఈ డక్స్‌ఫర్డ్‌లోనే. వాళ్ళవి డిఫయంట్ అనే విచిత్రమైన ఫైటర్లు. ముందుకు కాల్చే తుపాకే లేదు, పైలట్ వెనక తిరిగే గూటిలో నాలుగు తుపాకులు. ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ మీద మొదట బాగా పనిచేశాయి, జర్మన్లకు కిటుకు తెలిశాక ఎదురుగా, కిందనుంచి వచ్చి కొట్టేశారు. తర్వాత రాత్రి డ్యూటీకి మార్చేశారు.

గోదారి పిల్ల:

అయ్యో, ఇంత రాశారా! చాలా థాంక్సండీ. కాకి గారూ, మీ పోస్టు నాన్నకు చదివి వినిపించాను. షిల్లింగమ్మ ఇత్తడి బిళ్ళ దగ్గర ఆపి రెండోసారి చదవమన్నారు. మద్రాస్ ప్రెసిడెన్సీ ముక్క విని అమ్మ "అయితే మనదేనన్నమాట, టికెట్ ఎందుకు?" అంది. ఒక్క డౌటు. వర్షం పడితే మానెయ్యాలా?

కేంబ్రిడ్జి కాకి:

మానొద్దు. చూసేవి దాదాపు అన్నీ కప్పు కిందే. వర్షం రోజైతే జనం తక్కువ. కాకపోతే విమానాలు ఎగరడం తగ్గుతుంది. మబ్బు విడిచిందంటే మాత్రం అందర్నీ బయటికి తీసుకొచ్చి రన్‌వే కంచె దగ్గర నిలబెట్టండి. మనుషుల్ని ఎక్కించుకుని తిప్పే రెండు సీట్ల స్పిట్‌ఫైర్లు ఉన్నాయి. ఎక్కాలంటే వేల పౌండ్లు, వినడం మాత్రం టికెట్‌లోనే. మీ నాన్నగారికి చూపించకండి, వినిపించండి.

గోదారి పిల్ల:

వెళ్ళొచ్చాం! పది రోజులైంది, రాయడానికి ఇప్పటికి కుదిరింది. పొద్దున అంతా వాన. మా ఆయన దారి పొడుగునా "చెప్పానా" అంటూనే ఉన్నారు. వీల్‌చైర్ ఇచ్చారు. అమ్మ మీరన్నట్టే ముందు "నాకేం కర్మ" అంది, పదకొండింటికి ఎక్కింది, నాలుగింటికి దింపాం.

పాత హ్యాంగర్ల నుంచే మొదలుపెట్టాం. నాన్న పైకప్పు చూసి, మెడ పట్టేసేదాకా చూసి, "గాలివాన వస్తే మా షెడ్డు రేకులు లేచిపోయేవి. ఇది వందేళ్ళదా?" అన్నారు. జర్మన్ విమానం దగ్గర మా వాడికి కార్బురేటర్ గురించి చెప్పడానికి నీళ్ళ సీసా తలకిందులు చేసి చూపించారు, వాడి చొక్కా తడిసింది. అంత తడిసినా కథ పూర్తిగా విన్నాడు. ఇప్పుడు ఇంట్లో ఏది ఒలికినా "షిల్లింగ్ బిళ్ళ పెట్టాలి" అంటున్నాడు.

అమ్మ గురించి అసలు చెప్పాలి. గుడ్డ విమానం ఒకటి కనిపించగానే కుర్చీని దగ్గరికి తొయ్యమంది. కళ్ళజోడు పెట్టుకుని, ముట్టుకోకూడదని చేతులు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. "కుట్టు సమంగానే ఉంది" అంది. మా అమ్మ నోట ఇంకొకరి కుట్టుకు ఆ మాట రావడం నేను వినడం ఇదే మొదలు. తర్వాత గాజు పలకల దగ్గర తనంతట తనే ఒక సంగతి చెప్పింది, నాకెప్పుడూ చెప్పలేదు. అమ్మమ్మ పుట్టిల్లు కాకినాడ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు వైజాగ్ మీద, కాకినాడ మీద బాంబులేశాయి కదా. అమ్మమ్మ అప్పుడు చిన్నపిల్లట. రేవు వైపు చప్పుడుకు జనమంతా ఎడ్లబళ్ళు కట్టుకుని పల్లెలకు పోతుంటే, ఆవిడ బడి పలక ఇంట్లో మర్చిపోయానని దారంతా ఏడ్చిందట. వాళ్ళ నాన్న వెనక్కి వెళ్ళి తెచ్చాడట. పలక కోసం! "మీ తాతయ్యకు పిచ్చి" అని అమ్మమ్మ ముసలితనంలో కూడా అనేదట.

పులిహోర మధ్యాహ్నం నలుగురం తిన్నాం, మూత బిగించే డబ్బాలోంచే. ఒంటిపూట కాబట్టి అమ్మ అరటిపండుతో సరిపెట్టుకుంది. మా ఆయన తర్వాత ఎస్ఆర్-71 కింద బాబుకు ఫొటోలు తీస్తూ తనే పోజులిచ్చారు.

మూడున్నరకు ఎండ వచ్చింది. కాకి గారు చెప్పినట్టు అందరం కంచె దగ్గరికి వెళ్ళాం. స్పిట్‌ఫైర్ ఒకటి నిజంగానే బయటికొచ్చింది. స్టార్ట్ చేసేటప్పుడు పక్కనుంచి పొగ, ఒక మంట. నేను ఫోన్ తీసి వీడియో పెట్టబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు. కళ్ళు మూసుకున్నారు. అది రన్‌వే చివరికెళ్ళి, లేచి, మా నెత్తి మీదుగా తిరిగి వెళ్ళేదాకా అలాగే ఉన్నారు. డిపో గేటు దగ్గర స్టూలు మీద ఇలాగే కూర్చునేవారు, నేను కేరేజీ పట్టుకెళ్ళినప్పుడు చూసేదాన్ని.

"ఎలా ఉంది నాన్నా?" అన్నాను.

"పన్నెండూ కొడుతున్నాయి" అన్నారు.

పాతబస్తీ గారూ, హెండన్ వచ్చే ఆదివారం. అమ్మే అడిగింది, నిజాం విమానానిది గుడ్డా, రేకా అని.